ఇప్ప గింజకు ఎండ పడదు, కరక్కాయకు తొందర లేదు

ప్రశ్న: మాది ములుగు జిల్లా గోవిందరావుపేట మండలం. వరి, మిర్చి వేస్తూనే బావి దగ్గర పది గుంటల్లో నిరుటి నుంచి అడవి చెట్ల నర్సరీ పెట్టాను. మా ఊరి మహిళా సంఘం వాళ్లు గింజలు ఏరుకొస్తున్నారు. పోయిన జూన్‌లో 12 కిలోల ఇప్ప గింజలు తీసుకుని, బాగా ఎండబెట్టి డబ్బాలో పోశాను. ఆగస్టు ఆఖరున కవర్లలో వేస్తే వందకు నాలుగు కూడా మొలవలేదు. నల్లమద్ది కూడా అంతే. ఏగిస, మోదుగ మంచిగానే మొలిచాయి, కానీ నాటిన తర్వాత సగం ఎండిపోయాయి. విత్తనశుద్ధికి ఏం మందు వాడాలి? ఈ ఏడాది ఏ గింజలు ఎప్పుడు తేవాలి?

జవాబు: ముందుగా ఒక మాట. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఒక్క గాలివానకు వేల చెట్లు కూలిపోవడం మీరు కళ్లారా చూసే ఉంటారు. అలాంటి చోట మళ్లీ పెరగాల్సింది ఆ అడవి చెట్లే. వాటి మొక్కలు అడిగినన్ని దొరికే నర్సరీలు మన దగ్గర చాలా తక్కువ. అందుకే మీ ఉత్తరం చదివి ఎంతో సంతోషపడ్డాను. ఒక్క ఏడు నష్టం వచ్చిందని దయచేసి ఆపకండి.

మీ ఇప్ప గింజలు చచ్చింది కవర్లలో కాదు, డబ్బాలోనే. దానికి ఏ మందూ లేదు. వరి, కంది, పెసర గింజ ఎంత బాగా ఎండితే అంత కాలం నిలుస్తుందని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. పైగా నూనెకైనా, అమ్మకానికైనా ఇప్ప గింజను ఎండబెట్టడమే మన ఇళ్లలో అలవాటు. మీ సంఘం ఆడవాళ్లు ఆ అలవాటుతోనే ఎండబెట్టి ఉంటారు. గానుగకు అది మంచి గింజే, మొలకకు పనికిరాదు. ఇప్ప, వేప, నేరేడు గింజలు లోపలి తేమతోనే బతుకుతాయి. తేమ పోతే ప్రాణం పోతుంది.

పండు నలిపి తాజా గింజను చేతిలోకి తీసుకోండి. గోధుమ రంగులో నున్నగా మెరుస్తుంది. పెంకు తీసి పప్పులో గోరు గుచ్చితే మెత్తగా దిగి, వేలికి జిడ్డు తగులుతుంది. రెండు నెలలు ఎండిన గింజను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పప్పు గలగలలాడుతుంది. అలా గలగలలాడే గింజను కవరులో వేయడం శ్రమ దండగ.

కాబట్టి ఈసారి జూన్, జూలైలో పండ్లు రాలే రోజుల్లోనే కవర్లు మట్టి నింపి సిద్ధంగా పెట్టుకోండి. పొద్దున ఏరిన పండ్లను అదే రోజు నలిపి, కండ కడిగేసి, నీడలో నీరు ఆరనిచ్చి, తెల్లారే విత్తండి. గింజను పక్కకు పడుకోబెట్టి, దాని మందం మేర మట్టి కప్పితే చాలు. కూలీలు దొరక్క ఆలస్యమైతే తడి ఇసుకలో కలిపి గోనెసంచిలో, నీడలో ఉంచండి. అలాగైనా రెండు వారాలు దాటనివ్వద్దు. వేపకు కూడా ఇదే పద్ధతి. ఈ మధ్య ఎండాకాలంలో విత్తన బంతులు చేసి జూలైలో చల్లే కార్యక్రమాలు చాలా జరుగుతున్నాయి. నిరుటి ఇప్ప, వేప గింజలను ఆ బంతుల్లో పెడితే మట్టి తప్ప ఏమీ మిగలదు. మిమ్మల్ని అడిగినా ఇవ్వకండి.

నల్లమద్ది సంగతి వేరు. రెక్కల కాయ చూడటానికి నిండుగా ఉన్నా చాలా కాయల్లో గింజే ఉండదు, లేదంటే పురుగు తినేసి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, నేల మీద పాతబడినవి కాకుండా, చెట్టు మీద ముదిరినవి కోయించండి. ఒక గంప కొనే ముందు అందులోంచి 50 కాయలు తీసి కత్తితో మధ్యకు నరికి చూడండి. తెల్లగా, గట్టిగా పప్పు ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టండి. పదింటిలోనే ఉంటే ఐదు రెట్లు ఎక్కువ విత్తాలి, లేదా ఇంకో చెట్టు వెతకాలి. ఇది అన్ని గింజలకూ చేయదగ్గ పరీక్ష. పైసా ఖర్చు లేదు. నీళ్లలో వేసి తేలినవి పారబోయడం మాత్రం రెక్కల కాయల దగ్గర నమ్మకండి. మంచి కాయ కూడా తేలుతుంది. రెక్కలు కత్తిరించి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, ముందు మడిలో విత్తండి. మొలిచినవే కవర్లలోకి మార్చుకోండి. చిరుమానుకైతే ఇంకా ఓపిక కావాలి. దాని గింజల్లో అధికం తాలే. మొదటి రెండేళ్లు దాని జోలికి పోవద్దని నా సలహా.

ఇక తొందర లేనివి. కరక, తాని, ఉసిరి, రేల, ఏగిస గింజలు ఎండినా చావవు, కానీ వాటిని నిద్ర లేపాలి. తానికాయ కండ తీసి ఒకటి రెండు రోజులు నానబెడితే సరిపోతుంది. కరక మొండిది. కండ ఒలిచి, పెంకు వెడల్పుగా ఉన్న వైపు కొస మాత్రం, లోపలి పప్పుకు దెబ్బ తగలకుండా తెంచి, 36 గంటలు చల్లటి నీళ్లలో ఉంచి విత్తాలి. చేయి తిరిగిన మనిషి చేయాల్సిన పని ఇది. ఉసిరి పెంకులను ఎండలో పెడితే వాటంతటవే పగిలి గింజలు బయటపడతాయి. రేలకు నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించాక గింజలు వేసి, ఆ నీళ్లలోనే తెల్లారే దాకా వదిలేయండి. ఉబ్బినవి విత్తి, ఉబ్బనివాటికి ఇంకోసారి అలాగే చేయండి. గింజలను పొయ్యి మీద ఉడికించొద్దు. కొందరు యాసిడ్ చెబుతారు. ఇంటి దగ్గర, పిల్లలు తిరిగే చోట అది వద్దే వద్దు. మొర్రి పండ్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. వాటి పెంకును పప్పు నలగకుండా మెల్లగా చిట్లగొట్టి అదే సీజన్‌లో విత్తండి. ఆ పప్పే సారపప్పు. దాని ధర చూసి మనసు మారకుండా కొంత ముందే పక్కన పెట్టుకోండి.

ఏగిస, మోదుగ నాటాక ఎందుకు ఎండిపోయాయో మీ నర్సరీలోనే తెలుస్తుంది. మిగిలిన మొక్కల్లో ఒకదాని కవరును బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. తల్లివేరు అడుగుకు తగిలి, దారి లేక చుట్ట చుట్టుకుని ఉంటుంది. లేదా కవరు చిల్లులోంచి నేలలోకి దిగి, లేపినప్పుడు తెగిపోయి ఉంటుంది. మా నర్సరీలో ఒక ఏడు ఇలాగే మోదుగ మొక్కలు ఆకులతో నవనవలాడుతున్నాయని మురిసిపోయి పంచాం. ఏప్రిల్ వచ్చేసరికి నాటిన చోట పుల్లలు మిగిలాయి. ఈ చెట్లు మొదటి ఏడాది పైకి పెరగవు, కిందికి పెరుగుతాయి. మీరు పైన కొలిచి బాగుందనుకుంటే మోసపోతారు. వీటికి కనీసం అడుగు లోతున్న కవర్లు వాడండి. ఇటుకలు పరిచి వాటి మీద నిలబెట్టండి. మూడు వారాలకోసారి కవరు లేపి, బయటికొచ్చిన వేరు కత్తిరించి, స్థానం మార్చండి. నాటడానికి నెల ముందు నుంచి నీడ తీసేసి, నీళ్లు రోజు విడిచి రోజుకు తగ్గించండి.

మట్టి మిశ్రమానికి ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు చాలు. చెదలుంటే వేపపిండి కలపండి. ఏగిస, మోదుగ, జిట్రేగి కవర్లలో అదే జాతి పెద్ద చెట్టు కింది మట్టి ఒక్కో గుప్పెడు వేస్తే, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే వేరు బుడిపెలు త్వరగా వస్తాయి. నారు మొదలు కుళ్లి పడిపోతుంటే నీళ్లు తగ్గించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. మీరు అడిగిన మందుల్లో నేను చెప్పేది ఇదొక్కటే.

గింజ ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది మొలక శాతం కంటే పెద్ద విషయం. ఊరి పక్కన విరగకాసే ఒకటి రెండు చెట్ల కిందే గంపలు నింపుకోవడం సులువు. కానీ అలా పెంచితే వెయ్యి మొక్కలూ ఒకే తల్లి బిడ్డలవుతాయి. రేపు అవి తమలో తామే పరాగం పంచుకోవాలి, ఒకే తెగులుకు అన్నీ లొంగవచ్చు. ఒక్కో జాతికి కనీసం 25, 30 చెట్ల నుంచి, చెట్టుకు చెట్టుకు వంద మీటర్ల దూరం ఉండేలా, తలా కొంత ఏరండి. మీ ప్రాంతపు గింజే మీ అడవికి వాడండి. ఏ చెట్టు కిందా మొత్తం ఊడ్చేయొద్దని సంఘం వాళ్లకు గట్టిగా చెప్పండి. ఎలుగుబంటికి మొర్రి పండూ ఇప్పపువ్వూ తిండి. ఏటూరునాగారం అభయారణ్యం హద్దులో అటవీ అధికారుల అనుమతి లేకుండా గింజ కూడా ఏరకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద మీ గ్రామసభకు హక్కు పత్రం ఉంటే దాని నకలు దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు సంక్రాంతి దాటింది కాబట్టి తాని, కరక, ఏగిస, రేల ఏరించండి. వచ్చే నెల నుంచి నల్లమద్ది, వేసవిలో మొర్రి, మోదుగ, తొలకరికి ఇప్ప, వేప, నేరేడు. ప్రతి సంచిలో జాతి పేరు, ఏరిన తేదీ, ఏ గుట్ట, ఏ వాగు పక్కనో రాసిన చీటీ వేయండి. నల్లమద్ది గింజల మీద అనుమానం ఉంటే ఓ 50 కాయలు కాగితం పొట్లంలో కట్టి మా నర్సరీకి తీసుకురండి, కలిసి కోసి చూద్దాం. ప్లాస్టిక్ సంచిలో మాత్రం తేవద్దు, దారిలోనే ఉక్కపోసి బూజు పడుతుంది.