ఐస్‌లాండ్‌లో ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు ‘ఇంటిపేర్లు’ ఎందుకుంటాయి?

చాలామందికి అవి అసలు ఇంటిపేర్లే కావు, తండ్రి పేర్లు. యోన్ గున్నార్సన్ అంటే గున్నార్ కొడుకు యోన్. అతని కొడుక్కి యోన్సన్, కూతురికి యోన్స్‌దోత్తిర్ వస్తాయి. భార్య పెళ్లయ్యాక కూడా తన తండ్రి పేరుతోనే ఉంటుంది.

‘సన్’ అంటే కొడుకు, ‘దోత్తిర్’ కూతురు. వాటి ముందు పేరు షష్ఠీ విభక్తిలోకి మారుతుంది. అసలు తమాషా ఇక్కడే: హెల్గి అనే తండ్రి కొడుకు హెల్గసన్, హెల్గా అనే తల్లి కొడుకు హెల్గుసన్. (తల్లి పేరూ పెట్టుకోవచ్చు.) ఒక్క అచ్చు తేడాతో అమ్మో నాన్నో తెలిసిపోతుంది.

వంశపారంపర్య ఇంటిపేర్లు కొద్దిమందికి ఉన్నాయి గానీ, కొత్తవి పెట్టుకోవడాన్ని 1925 చట్టం ఆపేసింది. చాలామందికి ఇంటిపేరే లేదు కాబట్టి దేశాధ్యక్షుణ్ణయినా సొంత పేరుతోనే పిలుస్తారు. అచ్చయ్యే టెలిఫోన్ డైరెక్టరీలోనూ అదే వరస ఉండేది. ‘యోన్సన్’ అని వెతికితే మనిషి దొరికేవాడు కాదు.