'మొబైల్ సూట్ గండమ్'లో ఆమురో, షార్‌ల పోటీ నిజంగా అంత గొప్పగా ఉంటుందా?

సగం వరకే. 1979 నాటి ఈ జపాన్ యానిమేషన్ సిరీస్‌ని విజయనగరంలో మా ఇంట్లో పెడితే, పేరు విని మా అమ్మమ్మ "ఏటి గండంరా ఇది" అంది, అది వేరే సంగతి.

మొదట్లో పోటీ పదునుగానే ఉంటుంది. ఆమురో యుద్ధం ఎరగని కుర్రాడు, మాన్యువల్ తిరగేస్తూ గండమ్ అనే రోబోని నడిపేస్తాడు, అవతల షార్ ఆరితేరిన పైలట్ కానీ అతని మెషీన్ దీని ముందు దిగదుడుపే, కాబట్టి పనితనం ఒకడిది, బండి బలం ఇంకొకడిది. మినోవ్‌స్కీ కణాలని ఏవో కల్పించి, వాటి వల్ల రాడార్ పనిచేయదని చెప్పి ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టడం కూడా తెలివైన కిటుకే.

తేడా కొట్టింది షార్ పక్షాన పోరాడే పైలట్ లాలా దగ్గర. ఆ అమ్మాయి ఎక్కడో చివర్లో వచ్చి, 41వ ఎపిసోడ్‌లో షార్‌ని కాపాడబోయి ఆమురో దెబ్బకి అడ్డుపడి చనిపోతుంది. పాత పగ పక్కకుపోయి గొడవంతా ఆమె చుట్టూ తిరుగుతుంది, ఆమెకంటూ కథే లేదు. 52 అనుకున్న ఎపిసోడ్లని 43కి కుదించారు, ఆ హడావుడి తెలిసిపోతుంది. అయినా చివర్లో రోబోలు వదిలేసి కత్తులు దూసుకుంటారు చూడండి, హెల్మెట్ ఉండబట్టి షార్ బతికాడు, అది మాత్రం మిస్సవ్వొద్దు. టైం లేకపోతే 1981-82లో ఇదే కథని మూడు సినిమాలుగా కూర్చారు, అవి చూసేయండి.