టెక్ సందేహాలు: గ్రీకు మాటలకు మన సంధి సూత్రం

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ వైద్య, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులవే. అందుకే ప్రింటర్లు, రూటర్ల గొడవ పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: చైతన్యపురిలో హాస్టల్లో ఉంటూ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం. వైద్య పదాలు రాత్రి బట్టీ పడితే పొద్దుటికి ఉండడం లేదు. సీనియర్ అక్క ఒకరు యాంకీ యాప్‌లోని తన కార్డులన్నీ (ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండేవి) ఇచ్చారు. రోజుకు వంద కొత్తవి వచ్చేలా పెట్టుకున్నాను. పది రోజులకే తొమ్మిది వందలు పేరుకుపోయాయి. తెరవాలంటే భయంగా ఉంది. ఇంతకంటే మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ మార్చకండి. చిక్కంతా అక్క ఇచ్చిన మూటతోనే వచ్చింది. ఆవిడ పాఠం విని, అర్థం చేసుకుని, తనకు మరపు వచ్చే చోట్లే కార్డులు రాసుకున్నారు. ఆవిడ భోంచేస్తే మీకు త్రేన్పు రాదు కదా!

యాంకీ అంటే జపాన్ భాషలో కంఠస్థం చేయడం. ఈ ప్రోగ్రాం 2006 నుంచి ఉంది. అది చేసే పని ఒక్కటే: మీరు మరచిపోబోయే సమయానికి కార్డును మళ్లీ ముందుకు తెస్తుంది. సరిగ్గా చెబితే తర్వాతి గడువు పెరుగుతుంది, చెప్పలేకపోతే కార్డు మళ్లీ మొదటికి వస్తుంది. అర్థం కాని విషయాన్ని అర్థం చేయించడం దాని పని కాదు. అందుకే ముందు ఫోను పక్కన పెట్టి కాగితం, పెన్సిలు తీసుకోండి.

తెలుగు మాధ్యమం మీకు లోటని అనుకుంటున్నట్టున్నారు. ఈ ఒక్క పనిలో మాత్రం అది కలిసొస్తుంది. బడిలో సంధులు విడదీసి, విగ్రహవాక్యాలు రాసిన చేయి కదా మీది! వైద్య పదాల్లో ఎక్కువ భాగం గ్రీకు, లాటిన్ ముక్కల అతుకులే. మూలపదానికి ప్రత్యయం చేరేటప్పుడు మధ్యలో సాధారణంగా ఒక ‘ఓ’ వస్తుంది. ప్రత్యయం అచ్చుతో మొదలైతే ఆ ‘ఓ’ తప్పుకుంటుంది. ‘గ్యాస్ట్ర్’ అంటే జీర్ణాశయం. ‘స్కోపీ’ (లోపలికి చూడడం) హల్లుతో మొదలైంది కాబట్టి గ్యాస్ట్రోస్కోపీ. ‘ఐటిస్’ (వాపు) అచ్చుతో మొదలైంది కాబట్టి గ్యాస్ట్రైటిస్. రాముడు, అతడు కలిసి ‘రాముడతడు’ అయినప్పుడు ఉకారం పోలేదా? ఇదీ అలాంటిదే. ఒక తేడా ఉంది. రెండు మూలపదాలు కలిసే చోట రెండోది అచ్చుతో మొదలైనా ‘ఓ’ కదలదు. అందుకే ‘ఎంటర్’ (పేగు) చేరినా గ్యాస్ట్రోఎంటరాలజీ.

పదాన్ని చివరి నుంచి విడదీయండి. పెరికార్డైటిస్‌లో చివర ‘ఐటిస్’ అంటే వాపు, మొదట ‘పెరి’ అంటే చుట్టూ, నడుమ ‘కార్డ్’ అంటే గుండె. వెరసి గుండె చుట్టూ ఉండే పొరకు వచ్చిన వాపు. పెద్దపేగును కోలన్ అంటారు. దాన్ని లేదా అందులో కొంత భాగాన్ని తీసివేస్తే కోలెక్టమీ, కోసి తెరిస్తే కోలాటమీ, పొట్ట మీద దానికి బయటికి ద్వారం ఏర్పరిస్తే కోలాస్టమీ. మూలం ఒకటే, మారింది తోక. వార్డులో ఆ తోకను తప్పుగా వింటే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఫోను తీయండి. కార్డ్ బ్రౌజర్‌లోకి వెళ్లి అక్క కార్డులన్నింటినీ ఎంచుకుని ‘సస్పెండ్’ చేయండి. అవి చెరిగిపోవు, మిమ్మల్ని వేధించవు. మీ సొంత డెక్ (కార్డుల కట్ట) ఒకటి తెరిచి మొదటి రెండు వారాలు ముక్కలే రాయండి. ఒక కార్డుకు ఒక్క ముక్క. ముందు వైపు ‘ఎక్టమీ’, వెనక ‘తీసివేయడం’, కింద పాఠంలో ఆ రోజు కనిపించిన ఒక ఉదాహరణ. రోజుకు పది కొత్తవి చాలు. రోజుకు ఇరవై కలుపుతూ పోతే కొన్ని వారాల్లో పాతవాటి మననమే రోజుకు రెండు వందల దాకా చేరుతుంది. వంద పెట్టుకున్న మీకు ఏం జరిగిందో ఇప్పుడు తెలిసింది కదా.

ఇంకో ముఖ్యమైన మాట. కార్డు వెనక వైపు చూశాక యాప్ కొన్ని బటన్లు చూపుతుంది. జవాబు గుర్తు రాకపోతే ‘ఎగైన్’ (మళ్లీ) నొక్కండి. మొహమాటపడి ‘హార్డ్’ నొక్కేవారే ఎక్కువ. హార్డ్ అంటే కష్టపడినా గుర్తొచ్చిందని అర్థం. తప్పును హార్డ్ అని చెబితే ప్రోగ్రాం లెక్కలన్నీ చెడతాయి. 2023 నుంచి యాంకీలో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క వచ్చింది. అది మీ జవాబుల చరిత్రను బట్టి గడువులు వేస్తుంది కాబట్టి ఈ అబద్ధం దానికి మరీ చేటు.

అన్ని పదాలూ ఇలా విడిపోతాయని నమ్మకండి. మలేరియా అంటే ఇటాలియన్‌లో ‘చెడ్డ గాలి’. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. గాలికి ఏ పాపమూ తెలియదని తేలినా పేరు మాత్రం గాలిదే. ఇలాంటి వాటికి పదం కథనే కార్డు వెనక రాసుకోండి.

ప్రశ్న: అమీర్‌పేట నుంచి రాస్తున్నాను, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. క్లాసులో రాసుకునే వేగం చాలడం లేదు. ఫోనులో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని పదాలన్నీ తెలుగు లిపిలో దాచుకోవచ్చా?

జవాబు: అర్థం తెలుగులో రాసుకోండి, పదాన్ని మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంచండి. చిన్నపేగు చివరి భాగం పేరు ఇలియం. తుంటి ఎముకలో పై భాగం పేరూ ఇలియమే! పలకడం ఒకటే, రాయడం వేరు: పేగుకు ఐ-ఎల్-ఇ, ఎముకకు ఐ-ఎల్-ఐ. ‘ఈటింగ్’లోని ఇ అక్షరం పేగులో ఉందని గుర్తు పెట్టుకోండి. ఇంకో జంట చూడండి. మింగడం కష్టమైతే డిస్‌ఫేజియా, మాట తడబడే మెదడు సమస్యా డిస్‌ఫేజియానే. ఇంగ్లిషులో మొదటిదానికి జి అక్షరం, రెండోదానికి ఎస్. మన లిపిలో రెండూ ఒకే ‘జ’లో కలిసిపోతాయి. మొన్న సరదాకు నా ఫోనుకు ఈ రెండు వాక్యాలూ చెప్పి చూశాను. రెండు రోగాలనూ అది ఒకే రోగం చేసేసింది.

తెలుగులో చదవాలన్న మీ కోరికను నేను తప్పు పట్టను. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు పదాలు కూర్చడానికే ఒక అనువాద శాఖను నడిపారు. అది పండితుల బృందం చేసిన పని. క్లాసులో వెనక బెంచీ మీద ఫోనుతో అయ్యేది కాదు.

ఉచ్చారణకు మాత్రం ఫోను పనికొస్తుంది. యాంకీ కార్డు టెంప్లేట్‌లో (కార్డు నమూనాలో) టీటీఎస్ ట్యాగు, అంటే రాతను చదివించే చిన్న కోడ్ చేరిస్తే పదాన్ని ఫోనే చదివి వినిపిస్తుంది. పాఠం రికార్డు చేయాలంటే మాత్రం ముందు అధ్యాపకుల అనుమతి తీసుకోండి. రోగుల వివరాలు ఎప్పుడూ వద్దు.

ప్రశ్న: ఫిజియోథెరపీ ప్రాజెక్టు రిపోర్టు వర్డ్‌లో టైపు చేస్తుంటే పుస్తకంలో ఉన్నట్టు రాసిన పదాల కింద కూడా ఎర్ర గీతలు వస్తున్నాయి. (నల్లకుంట)

జవాబు: మీ వర్డ్ అమెరికా ఇంగ్లిషులో ఉంది. మన పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ వర్ణక్రమం. అనీమియా, హీమోగ్లోబిన్‌లలో ‘ఎ’, ‘ఇ’ రెండూ రాస్తారు. ఫైలంతా ఎంచుకుని రివ్యూ ట్యాబ్‌లో భాషను ఇంగ్లిష్ ఇండియాకు మార్చండి. మిగిలిన పదాలను పుస్తకంతో సరిచూసుకున్నాకే డిక్షనరీలో చేర్చండి. తప్పును చేర్చారంటే ఇక అది మీకు ఎప్పటికీ తప్పుగా కనిపించదు.

ప్రశ్న: డి.ఫార్మసీ విద్యార్థిని. మందుల పేర్లు, అవి ఏ వర్గానివో చాట్‌బాట్‌ను అడిగి పట్టిక చేసుకుంటున్నాను. నమ్మవచ్చా? (ఉప్పల్)

జవాబు: పట్టిక గీయించుకోండి, కానీ అందులోని ప్రతి గడినీ మీ పాఠ్యపుస్తకంతో పోల్చండి. తెలియని చోట కూడా చాట్‌బాట్ గొంతు తడబడదు, చిక్కంతా అక్కడే. దాన్ని పరీక్షకుడిగా వాడుకోవడం మేలు: మీ నోట్సు ఇచ్చి, వీటిలోంచే పది ప్రశ్నలు అడగమనండి.

జెనరిక్ పేర్ల (కంపెనీ పెట్టినవి కాక మందుల అసలు పేర్ల) తోకలు మీరే పట్టుకోవచ్చు. అటెనోలాల్, మెటోప్రొలాల్ గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు. ఎనాలాప్రిల్, రామిప్రిల్ రక్తపోటు తగ్గించే ఏసీఈ ఇన్హిబిటర్లు. లోసార్టన్, టెల్మిసార్టన్ మరో వర్గం. అయితే స్టానోజోలాల్ తోక కూడా ‘ఓలాల్’ లాగే ఉంటుంది, అది మాత్రం కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్. ఇలాంటి దొంగ చుట్టాలకు విడిగా ఒక కార్డు రాసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి మెడికల్ సీటు వచ్చింది. ఈ కార్డుల చదువుకు ఐప్యాడ్ తప్పనిసరి అంటున్నాడు. నిజమేనా? (కూకట్‌పల్లి నుంచి ఒక తండ్రి)

జవాబు: కార్డులకైతే అక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోనులో యాంకీడ్రాయిడ్ ఉచితం, కంప్యూటర్‌లోనూ యాంకీ ఉచితమే. డబ్బు పెట్టాల్సింది ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌కే, అదీ ఒక్కసారి. వద్దనుకుంటే బ్రౌజర్‌లో యాంకీవెబ్ ఊరికే వస్తుంది. స్టోరులో అదే పేరును పోలిన వేరే యాప్‌లు నెలనెలా చందా అడుగుతాయి, వాటి జోలికి పోవద్దు. అనాటమీ బొమ్మలు స్వయంగా గీస్తానంటే పెన్ను ఉన్న ట్యాబ్ పనికొస్తుంది. అప్పుడు కూడా పెన్ను ధర కలిపి ఎంతవుతుందో షాపులో ముందే అడగండి. చాలా మోడళ్లతో అది రాదు.