వాచ్‌మన్ ఎందుకు అబద్ధం చెప్పాడు?

తమ్ముడూ,

'మీరు' అనొద్దన్నావు కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను. నీ డిటెక్టివ్ నవల రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని పూర్తి చేశాను, అంటే చదివించే గుణం ఉంది. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. 43వ పేజీ దగ్గర ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే.

అక్కడ వాచ్‌మన్ ఇన్‌స్పెక్టరుతో "పదింటి నుంచీ గేటు దగ్గరే ఉన్నాను సార్, ఎవరూ రాలేదు" అంటాడు. అది అబద్ధమని 150వ పేజీలో తెలుస్తుంది. ఈలోగా మేమంతా అతన్నే అనుమానిస్తాం. బాగానే ఉంది. కానీ అబద్ధం ఎందుకు చెప్పాడు? చివరిదాకా వెతికాను, ఎక్కడా లేదు. హంతకుడు దొరకగానే వాచ్‌మన్‌ని మర్చిపోయావు. నీకు వంద పేజీల పాటు అనుమానం నడవాలి, అందుకని ఆ పేదవాడి చేత అబద్ధం ఆడించావు.

పాఠకుణ్ణి పక్కదారి పట్టించే పని పాత్రలదే, రచయిత అందులో వేలు పెట్టకూడదు. ముప్పై ఏళ్ళుగా నేను గట్టిగా నమ్మేది ఇదే. హత్య జరిగినచోట పోలీసులు పదిమందిని ప్రశ్నిస్తే హంతకుడు ఒక్కడే ఉంటాడు. మిగతా తొమ్మిదిమందికీ కూడా దాచుకోవాల్సింది ఏదో ఒకటి ఉంటుంది. ఒకడు డ్యూటీలో నిద్రపోయాడు. ఒకావిడ భర్తకు తెలియకుండా తమ్ముడికి డబ్బిచ్చింది. ఒక కుర్రాడు పరీక్ష పాసయ్యానని ఇంట్లో చెప్పాడు, కాలేదు. హత్యకీ వీటికీ సంబంధం లేదు. అయినా పోలీసు ఎదురుగా నిలబడి అడిగేసరికి ఆ సిగ్గు నోటికి అడ్డం పడుతుంది.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. ఒక రిటైర్డ్ సబ్‌ఇన్‌స్పెక్టర్ ఇంటికి ఆదివారాలు వెళ్ళి కూర్చునేవాణ్ణి. వేలిముద్రల గురించి, రక్తపు మరకల గురించి అడిగేవాణ్ణి. ఆయన వాటి మీద పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఒకరోజు ఒక పనిమనిషి సంగతి చెప్పాడు. ఆమె మూడుసార్లు మాట మార్చింది, ఆమే చేసిందనుకున్నారు. తీరా చూస్తే ఆ ఇంట్లోంచి ఒక పాత దుప్పటి అడక్కుండా పట్టుకెళ్ళింది, అంతే. అది బయటపడుతుందని, ఆ మధ్యాహ్నం అసలు ఆ ఇంటికే వెళ్ళలేదంది. వెళ్ళినప్పుడు వెనక తలుపు తీసి ఉండటం చూసింది. అదే అసలు ఆధారం. "నాలుగు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టామండీ, దుప్పటి కోసం" అని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నేనేమీ నోట్సు రాసుకోలేదు. రాసుకోవాల్సిన అవసరం రాలేదు.

మిగతా తప్పులు దిద్దుకోవడం తేలికే. రెండో హత్యలో, చనిపోయిన గంటకే శవం కట్టెలా బిగుసుకుపోయిందని రాశావు. మామూలుగా 2 నుంచి 4 గంటల్లో కనురెప్పలు, దవడ, మెడ దగ్గర మొదలవుతుంది, ఒళ్ళంతా పట్టడానికి దాదాపు 12 గంటలు పడుతుంది. వేడిలో త్వరగా, చలిలో ఆలస్యంగా. క్లోరోఫాం రుమాలు ముక్కుకు పెట్టగానే మనిషి కూలిపోడు, నిమిషాల తరబడి పీల్చాలి. ఇవన్నీ అంత పట్టించుకోవాలా అని అడిగావు. పట్టించుకోవాలి. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి డిస్పెన్సరీలో మందులు కలిపారు. 1920లో వచ్చిన ఆవిడ మొదటి నవలలో విషం గురించి ఎంత సరిగ్గా రాశారంటే, ఒక ఫార్మసీ పత్రికే మెచ్చుకుంది.

మొదటి హత్యలో నువ్వు వదిలేసింది చూడు. మధ్యాహ్నం చంపి, రాత్రి దాకా వెల్లకిలా పడుకోబెట్టి, కారులో తెచ్చి బోర్లా పడేశారు. రక్తం కిందికి దిగి వీపంతా కమిలిన రంగు తేలుతుంది. అన్ని గంటలు గడిచాక శవాన్ని తిప్పినా ఆ మచ్చ చాలావరకు అక్కడే ఉండిపోతుంది. బోర్లా పడున్న మనిషికి వీపు మీద మచ్చలేమిటని డాక్టరు అడగాలి. అడిగితే శవాన్ని బయటి నుంచి తెచ్చారని తేలుతుంది. తెచ్చారంటే గేటు ఎవరో తీశారు. మళ్ళీ నీ వాచ్‌మన్ దగ్గరికే వచ్చాం.

నా రెండో నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు, 11వ వారంలో ఎడిటర్ పిలిచి "హంతకుడెవరో పాఠకులు ఉత్తరాల్లో రాసేస్తున్నారు, మార్చెయ్యండి" అన్నాడు. అద్దె బాకీ ఉంది, మార్చాను. ఒక చిన్న మాట దాచిపెట్టిన డాక్టరు భార్యని హంతకురాల్ని చేశాను. ఒక పాఠకురాలు రాసింది: "ఆ రాత్రంతా కొడుకు జ్వరంతో ఉంటే పక్కనే కూర్చుందని ఆరో వారంలో మీరే రాశారు. ఆ తల్లి ఎప్పుడు వెళ్ళిందండీ?" నా దగ్గర జవాబు లేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. పాఠకులు కనిపెడుతున్నారంటే ఆధారాలు సరిగ్గా పడ్డాయని అర్థం. దాన్ని లోపమనుకున్న ఆ ఎడిటర్‌ని నేను క్షమించలేదు. ఇప్పుడైతే ప్రతి చాప్టర్ చివరా ట్విస్ట్ కావాలంటున్నారు. హంతకుడు సైకో అనేస్తే కారణం చెప్పే బాధ కూడా ఉండదు. నువ్వు ఆ దారి పట్టొద్దు.

పబ్లిషర్ల గురించీ, కలంపేరు గురించీ అడిగావు. అవి తర్వాత. చనిపోయిన పిల్లవాడి ఫోన్‌కి తల్లి రోజూ చార్జింగ్ పెట్టే సీను మాత్రం ముట్టుకోకు. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు లేచి తిరిగాను. ఆ తల్లిని చూసిన కళ్ళతోనే వాచ్‌మన్‌ని కూడా చూడు.

ముందు నవల పక్కన పెట్టు. ఆ రాత్రి పదింటి నుంచి పదకొండున్నర దాకా అతను ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు, అది తెలిస్తే అతనికి ఏం పోతుంది, నాలుగు పేజీలు రాసి పంపు. నవలలోకి ఒక్క ముక్క రాకపోయినా ఫర్వాలేదు. నెలాఖరు దాకా ఊళ్ళోనే ఉంటాను, చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య