అయిదుగురి ఇల్లు, నాలుగు వాటాలు

"మేడమ్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్లుగా నేనూ మరో ముగ్గురు అమ్మాయిలూ కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాం. ఎవరి గది వాళ్లది. కరెంటు, నీళ్లు, గ్యాస్, నెట్ అన్నీ నా పేరు మీదే ఉన్నాయి. బిల్లు రాగానే నేనే కట్టేసి, నాలుగు భాగాలు చేసి అందరికీ మెసేజ్ పెడతాను. ఆ తర్వాత వారం పది రోజులు డబ్బుల కోసం అడుక్కోవడమే నా పని. ఇప్పుడు ఒకమ్మాయితో పెద్ద టెన్షన్‌గా ఉంది. ప్రతి నెలా బిల్లు ఫోటో పెట్టమంటుంది. పెట్టినా నమ్మనట్టే మాట్లాడుతుంది. గత రెండు నెలలుగా పావు వంతు వేయాల్సింది అయిదో వంతే వేసింది. మిగతాది ఏదంటే 'నా లెక్క సరిగ్గానే ఉంది' అంటుంది. ఎనిమిది నెలలుగా మా పిన్ని కూతురు నా గదిలో ఉంటోంది, తనకూ ఉద్యోగం ఉంది. దాని సంగతి నేనే చూసుకుంటున్నాను కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. నేను చదువుకునేటప్పుడు రెండేళ్లు పిన్ని వాళ్లింట్లోనే ఉన్నాను. చెల్లిని కనీసం నెట్ డబ్బులైనా అడగనా అంటే, 'నిన్ను రెండేళ్లు కన్నకూతురిలా చూసింది, దాని పిల్లనా నువ్వు డబ్బులడిగేది?' అని అమ్మ కేకలేసింది. అది వదిలేయండి. నేనడిగేది రెండే. బిల్లులు తలకింత అని పంచడం మంచిదా, వాడకాన్ని బట్టి పంచడం మంచిదా? కనెక్షన్లన్నీ నా పేరు మీదే ఉన్నాయి కాబట్టి ఆ అమ్మాయిని ఖాళీ చేయమనొచ్చా?
- ఓ సోదరి"

అది వదిలేయండి అన్నారు. నేను వదలనమ్మా. మీ ఉత్తరంలో అసలు విషయం అదొక్కటే.

మీ రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. ఖాళీ చేయమనకూడదు. బిల్లు మీ పేరు మీద వస్తే కట్టే బాధ్యత మీదవుతుంది గానీ, సాటి మనిషిని ఇంట్లోంచి పంపే అధికారం రాదు. ఆ మాట మళ్లీ ఎత్తకండి.

ఇప్పుడు ఉత్తరం ఇంకోసారి చదువుకోండి. ఇంట్లో మీరు, మరో ముగ్గురు, మీ చెల్లెలు. అయిదుగురు. బిల్లు మాత్రం నాలుగు భాగాలు. ఆ అమ్మాయి వేస్తున్నది అయిదో వంతు. 'నా లెక్క సరిగ్గానే ఉంది' అని కూడా చెప్పింది. ఇంకెలా చెప్పాలి? ఎదురుగా నిలబడి మీ చెల్లెలి పేరు ఎత్తడానికి మొహమాటపడి, డబ్బుతో చెప్పింది. అది మీకు అర్థం కాలేదంటే నేను నమ్మను. అర్థమైంది కాబట్టే తలకింతా, వాడకాన్ని బట్టా అని నన్నడుగుతున్నారు. పద్ధతి మారిస్తే ఆ పిల్ల నోరు మూతపడుతుందని మీ ఆశ.

'దాని సంగతి నేనే చూసుకుంటున్నాను' అని రాశారు. నిజంగా చూసుకుంటున్నారా? నెల బిల్లులన్నీ కలిపి 100 అనుకుందాం. అయిదుగురికి తలా 20. చెల్లెలి భారం మీదే అయితే మీరు 40 కట్టాలి, మిగతా ముగ్గురూ 20 చొప్పున కట్టాలి. మీరు నాలుగు భాగాలు చేసి తలా 25 చేశారు. అంటే చెల్లెలి 20లో మీ చేతి నుంచి పడుతున్నది 5. మిగిలిన 15 ఆ ముగ్గురు అమ్మాయిలు కడుతున్నారు. పిన్ని పెట్టిన అన్నం మీరు తిన్నారు, దాని రుణం ముప్పావు వంతు మీ పక్క గదుల వాళ్లు తీరుస్తున్నారు. వాళ్లకు మీ పిన్ని మొహం కూడా తెలియదు.

మీరు కావాలని మోసం చేశారని నేననడం లేదు. చెల్లెలు నాలుగు రోజులుంటుందని వచ్చి ఉంటుంది. నాలుగు రోజులకు వాటా ఏమిటని మీరూ అనుకుని ఉంటారు, వాళ్లూ అనుకుని ఉంటారు. నాలుగు రోజులు నెల అయింది, నెల ఎనిమిది నెలలైంది. చుట్టం ఎప్పుడు ఇంటి మనిషైందో ఎవరూ గమనించరు. కలిసి ఉండే ఇళ్లలో సగం తగాదాలు ఇలాగే మొదలవుతాయి. అందుకే ఒక రాత్రి ఉండి వెళ్లేవాళ్లను అతిథి అనుకోవచ్చు గానీ, రెండు వారాలు దాటి మన ఇంటి నుంచే ఉద్యోగానికి వెళ్లి వస్తున్న మనిషి పేరు లెక్కలో ఎక్కాలి అంటాను నేను. రెండు వారాలన్నది నా కొలత. మీరు పది రోజులు పెట్టుకోండి, నెల పెట్టుకోండి. ఏదో ఒక గీత మాత్రం ఉండాలి.

'నా గదిలోనే కదా ఉంటోంది, వాళ్ల గదిలో కాదు కదా' అని మీ మనసులో ఉండొచ్చు. అద్దె వరకు ఆ మాట ఒప్పుకుంటాను. అద్దె గదిని బట్టి. మీ గదిలో మీరొక్కరున్నా ఇద్దరున్నా ఆ గది అద్దె మీది. బిల్లులు గదిని బట్టి రావు, మనిషిని బట్టి వస్తాయి. 2000 వాట్ల నీళ్ల హీటర్ అరగంట నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. కొత్త మనిషి స్నానానికి రోజూ ఇంకో అరగంట నడిచినా నెలకు 30 యూనిట్లు. వాడకం ఒక మెట్టు దాటితే ఆ పైన ప్రతి యూనిట్‌కీ రేటు పెంచే చోట ఇంకా ఎక్కువే పడుతుంది. నెట్ బిల్లు మనిషి పెరిగినా పెరగదు, నిజమే. అప్పుడు ఒకరు చేరినందుకు మిగతా వాళ్ల వాటా తగ్గాలి కదా? మీ ఇంట్లో అదీ తగ్గలేదు.

మీరడిగిన మొదటి ప్రశ్నకు ఇంతకన్నా ఎక్కువ చోటు ఇవ్వను. ఒకే రకంగా బతికే వాళ్లకు తలకింత అన్నదే హాయి. ఒకరి గదిలో ఏసీ ఉండి మిగతా వాళ్లకు లేకపోతే దాని కరెంటు విడిగా చూసుకోవాలి. 1500 వాట్లు లాగే ఏసీ ఆగకుండా ఎనిమిది గంటలు నడిస్తే 12 యూనిట్లు. అంత పెద్ద తేడాను సమానమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆర్పని లైటు మీద మాత్రం పోట్లాడుకోకండి. 9 వాట్ల బల్బు ఒక యూనిట్ కాల్చడానికి నూట పది గంటల పైన పడుతుంది. లైటు గురించి మొదలైన తగవు లైటు గురించి కాదని నేను ఎప్పుడో నేర్చుకున్నాను. మేము చదువుకునే రోజుల్లో ఆరుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్లం. వంటింటి తలుపు వెనక మేకుకు లెక్కల పుస్తకం వేలాడేది. ఎవరు కొన్నది వాళ్లే అందులో రాసేవాళ్లం, అగ్గిపెట్టె అయినా సరే. అందులో నా చేతిరాత కన్నా ఇంకొకరి చేతిరాత ఎక్కువ కనిపించిన నెలలో నేను ఎంత మర్యాదగా ఉండేదాన్నో ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

ఇంకోటి. 'అడుక్కోవడమే నా పని' అన్నారు. ఆ కష్టం నాకు తెలుసు. జేబులోంచి ముందు కట్టేసి తర్వాత వసూలు చేసే మనిషి నెలనెలా అప్పిచ్చే మనిషే. అప్పిచ్చినవాళ్లకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? అందుకే నెల మొదట్లోనే అందరూ సుమారు ఒక నెల వాటా ముందుగా వేసి ఉంచాలి, బిల్లు అందులోంచి కట్టాలి, మిగిలింది పై నెలకు పోవాలి. బిల్లు ఫోటో ఎవరూ అడగకముందే అందరికీ కనిపించే చోట పెట్టాలి. స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్ కావాలంటే వాడుకోండి. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో కూడి తీసేసి చెబుతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో మాత్రం మీరే చెప్పాలి దానికి.

అయితే ఈ తిరుగుడు, ఈ మెసేజ్‌లు, ఈ విసుగు అన్నీ చెల్లెలి వాటాకు చెల్లు అని లోలోపల అనుకుంటున్నారేమో చూసుకోండి. రాస్, సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో వెలువరించిన అధ్యయనంలో భార్యాభర్తలను విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని. చాలా జంటల్లో ఇద్దరి జవాబులూ కలిపితే నూటికి నూరు దాటిపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మనం చేసింది మనకు గుర్తుంటుంది, అవతలివాళ్లు చేసింది మనం చూడనే చూడం. మీరు నాలుగు బిల్లులు కట్టిన సాయంత్రాలు మీకు గుర్తు. ఆ అమ్మాయికి ఎనిమిది నెలలుగా ఇంట్లో కనిపిస్తున్న అయిదో జత చెప్పులు గుర్తు. వసూలు చేసే పనికి మీకు కాస్త తగ్గింపు కావాలంటే నోరు తెరిచి అడగండి. వాళ్లు ఒప్పుకోవచ్చు కూడా. అడగకుండా తీసుకుంటే మాత్రం దాని పేరు తగ్గింపు కాదు.

ఇక అమ్మగారి మాట. ఆవిడ తప్పు మాట్లాడారని నేననను. పిన్ని ఇంట్లో రెండేళ్లు ఉన్నవాళ్లు పిన్ని బిడ్డను చూసుకోవాలి. నాకూ ఆ పట్టింపు ఉంది. రుణం లేదని చేతులు దులుపుకునే మనుషులంటే నాకు గిట్టదు. కానీ రుణం మన డబ్బుతో తీర్చాలి, తీరుస్తున్నామని మనకు తెలిసి తీర్చాలి. అమ్మకు మీ ఇంట్లో ఇంకో ముగ్గురు అమ్మాయిలు ఉన్నారని, వాళ్లూ జీతాల మీద బతుకుతున్నారని గుర్తొచ్చి ఉండదు. గుర్తు చేయాల్సింది మీరు. మీరు చేయలేదు. ఆ కేకలు వినగానే మీకు ప్రాణం తేలిక పడిందేమో ఆలోచించండి. చెల్లిని అడిగే పని తప్పింది, పైగా తప్పించింది అమ్మ.

చెల్లెలిని అడగడం ఎందుకంత కష్టం మీకు? ఆమె సంపాదిస్తోంది. ఎనిమిది నెలలుగా తన నీళ్లకు, తన కరెంటుకు ఎవరు కడుతున్నారో ఆమెకు తెలియదు. అక్క చూసుకుంటుందిలే అనుకుంటోంది. మీరు దాన్ని ప్రేమ అనుకుంటున్నారు. నాకైతే ఆ పిల్లను ఇంకా లంగా ఓణీల వయసులోనే ఉంచేస్తున్నట్టుంది. పైగా మిగతా ముగ్గురి దృష్టిలో ఆమె ఏమవుతోందో చూశారా? వాటా వేయని మనిషి. హాల్లో ఫ్యాన్ వేసుకుని కూర్చుంటే ఒకరు, నీళ్ల చప్పుడు ఎక్కువసేపు వినిపిస్తే ఇంకొకరు మొహాలు చూసుకుంటారు. ఏ పాపం తెలియని పిల్లకు ఆ చూపులు తెచ్చిపెట్టింది మీరే.

కాబట్టి పిన్నికి ఫోన్ చేయకండి, అమ్మను మధ్యలో పెట్టకండి. ఈ రాత్రే మీ గదిలో, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి. 'చెల్లీ, వచ్చే నెల నుంచి బిల్లులు అయిదు భాగాలు చేస్తున్నాం. నీ వాటా నువ్వు వెయ్యి. ఇన్నాళ్లూ అడక్కపోవడం నా పొరపాటు.' ఇంతే. పిన్ని చేసిన మేలు, మీ రెండేళ్ల చదువు, అమ్మ కేకలు ఏవీ ఈ మాటల్లోకి రావద్దు. సంజాయిషీ ఎక్కువైతే ఆ పిల్ల భయపడి పెట్టె సర్దుకుంటుంది, అప్పుడు పిన్నికి నిజంగానే కష్టం కలుగుతుంది.

పాత ఎనిమిది నెలల డబ్బు మాత్రం ఆమెను అడగకండి. అడగకుండా ఉంచుకున్నది మీరు కాబట్టి ఆ ముగ్గురికీ దాన్ని తిరిగివ్వాల్సింది మీరే. బిల్లులు ప్రతి నెలా ఇంచుమించు ఒకటే అనుకుంటే, ఇద్దరు అమ్మాయిలు నెలకు 5 చొప్పున ఎనిమిది నెలలు ఎక్కువ కట్టారు, అంటే చెరో 40. లెక్కలడిగే అమ్మాయి చివరి రెండు నెలలూ సరిగ్గా కట్టింది కాబట్టి ఆమెకు 30. మొత్తం 110. అంటే మీ ఇంటి ఒక నెల బిల్లు, ఇంకాస్త. ఒక్కసారి కష్టమైతే రెండు మూడు నెలల్లో వాళ్ల వాటాల్లోంచి తగ్గించి సర్దండి. పిన్ని రుణంలో కొంత ఆ రోజు మీ సొంత డబ్బుతో తీరుతుంది. అమ్మకు అప్పుడు చెప్పండి, సంతోషిస్తుందో కోప్పడుతుందో నేను చెప్పలేను.

లెక్కలడిగే అమ్మాయి దగ్గరకు విడిగా వెళ్లండి. అందరికీ పెట్టే మెసేజ్‌లో ఒక ముక్కగా పడేయకండి. 'నువ్వు వేసిందే సరైన లెక్క' అని చెప్పండి. ఆమె మిమ్మల్ని నలుగురిలో నిలదీయగలిగీ నిలదీయలేదు, రెండు నెలలు మీ కోపం భరించింది. ఆ మాత్రం మర్యాద ఆమెకు బాకీ ఉన్నారు.

చెల్లెలు వాటా వేయనంటే? నాకు తెలిసి అలా అనదు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదక్కా అంటుంది. ఒకవేళ అంటే, లేదా మీకే అడగడానికి నోరు రాకపోతే, అయిదులో రెండు వాటాలు మీవి. 40 మీరు వేసి, తలా 20 అని మెసేజ్ పెట్టండి.