అమ్మను అందరూ దేవత అంటుంటే నాకు కోపం వస్తోంది

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. నేను విశాఖలో ఉంటాను. అమ్మ పోయి పది నెలలైంది. ఊళ్లో కిడ్నీ జబ్బువాళ్లను డయాలసిస్‌కి తీసుకెళ్లడం, డ్వాక్రా గ్రూపు లెక్కలు చూడడం, అన్నీ అమ్మే. 2018 అక్టోబర్‌లో, తిత్లీ తుఫానుకు రెండు రోజుల ముందు, నాకు రెండో పాప పుట్టింది. పురుటికి వస్తానన్న అమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. ఇరవై ఒకటో రోజున వచ్చి, సంచి కింద పెట్టి, పాపను ఒకసారి చూసి, మర్నాటి దాకా నిద్రపోయింది. మా అత్తగారు ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు. వచ్చే నెల సంవత్సరీకం. అన్నయ్య నన్ను నాలుగు మాటలు మాట్లాడమంటున్నాడు. నాకు నోరు పెగలడం లేదు. పోయిన అమ్మ మీద కోపమేమిటని నా మీద నాకే అసహ్యంగా ఉంది. పాపేమో "అమ్మమ్మ నన్ను చూడ్డానికి ఎందుకు రాలేదు" అని అడుగుతోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ నిద్ర దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని నేరంలా రాశారు. నాకు మాత్రం ఇరవై రోజులుగా నడుము వాల్చని మనిషి కనబడింది.

అక్టోబర్ 11 తెల్లవారుజామున మీ సోంపేట వైపు ఉద్దానం ప్రాంతంలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్దకొడుకులా చూసుకున్న కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలమట్టం. రోడ్లకు అడ్డంగా చెట్లు, పడిపోయిన కరెంటు స్తంభాలు, పలకని ఫోన్లు. కరెంటు లేక మోటార్లు తిరగక తాగే నీళ్లకే కటకట. మొదటి నాలుగైదు రోజులు మీ అమ్మగారు రావాలన్నా రాలేరు. ఆ తర్వాత రాగలిగీ రాలేదు. ఈ రెండింటినీ మీరు ఇన్నేళ్లూ ఒకే మూట కట్టి మోస్తున్నారు. విప్పి చూడండి. మొదటిది తుఫాను చేసిన పని. రెండోది మీ అమ్మగారి నిర్ణయం, దాని మీద మీ కోపం న్యాయమైనదే. పచ్చి బాలింతకు అమ్మ కావాలి. అత్తగారు ఎంత బాగా చూసినా ఆ లోటు తీరేది కాదు. (ఆవిడ ఆ మాట ఇంకా ఎత్తుతున్నారంటే, చేసిన సేవకు మీరో మంచి మాట అనలేదేమో. అదో పక్కన చూసుకోండి.)

కోపం ఉన్నంత మాత్రాన ప్రేమ లేదని కాదు. ఊళ్లోవాళ్లు తిత్లీ కథ చెప్పి చేతులెత్తి దండం పెట్టే రోజులు, మీరు ఒంటరిగా ఏడ్చిన రోజులు ఒక్కటే. అందుకే ప్రతి పొగడ్తా మీకు ముల్లులా గుచ్చుకుంటోంది.

మా నాన్నగారి సంవత్సరీకానికి నేను కాగితం మీద రాసుకెళ్లి చదివాను. ధర్మాత్ముడు, నిగర్వి, అజాతశత్రువు... ఎవరి నాన్న గురించో చదువుతున్నట్టుంది. చివర్లో నోరు జారి, చుట్ట దొరక్కపోతే ఇల్లు దద్దరిల్లిపోయేదని అనేశాను. అందరూ నవ్వారు. మా అమ్మ ఒక్కతే ఏడ్చింది. ఆ రోజు నాన్న కాసేపు ఇంట్లో ఉన్నట్టనిపించింది.

మీరూ మాట్లాడండి. ఐదు నిమిషాలు చాలు. "మీరంతా తిత్లీలో మా అమ్మ మీ దగ్గరుందని చెప్తారు, నేను ఆ రోజుల్లో ఆమె కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను" అని మొదలుపెట్టండి. సంచి దించి నిద్రపోయిన సంగతీ చెప్పండి. సంచిలో ఏముందో మీరు రాయలేదు, గుర్తుంటే అదీ చెప్పండి. అన్నయ్య కంగారు పడతారు, ముందే ఆయనకు చెప్పి ఉంచండి. ఒప్పుకోకపోతే ఊరివాళ్ల ముందు మానేసి ఇంట్లోవాళ్ల మధ్యన చెప్పండి. లోపల దాచుకోవడం మాత్రం వద్దు.

పాపకు అబద్ధం చెప్పకండి. "తుఫానొచ్చింది, దారులు మూసుకుపోయాయి, తర్వాత అమ్మమ్మ ఊరివాళ్ల కోసం ఉండిపోయింది, నాకు కోపమొచ్చింది" అంటే ఆ వయసుకు అర్థమవుతుంది. సంవత్సరీకానికి తీసుకెళ్లినప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి వెళ్లినవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. మిగతాది వాళ్లే చెప్తారు.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం లాంటివి ఉంటే డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో సంగతి. భోజనాలకు డయాలసిస్‌వాళ్లు కూడా వస్తారు కదా. ఉద్దానంలో పుట్టి కొబ్బరినీళ్లు ముట్టకూడని మనుషులు వాళ్లు. అరటిపండు, పప్పు, ఉప్పు, అన్నిటికీ లెక్కే, మంచినీళ్లు కూడా కొలిచి తాగాలి. ఎవరికి డాక్టర్ ఏం చెప్పారో మీ అమ్మగారికి నోటికి వచ్చి ఉంటుంది. విస్తళ్లు వేసేముందు వాళ్లనే అడిగి, వాళ్ల వంట విడిగా చేయించండి. నీళ్లు ఆవిడ ఏ గ్లాసుతో కొలిచి ఇచ్చేవారో మీ వదినకు తెలిసే ఉంటుంది. ఆ గ్లాసు బయటికి తీయించండి.