నాష్‌విల్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "దీనికి నీ పోలికే వచ్చింది, నువ్వే చెప్పుకో" అని పెట్టేసింది. డాలస్‌లో ఉద్యోగం మానేసి, పాడుకోవడానికి ఆ కంట్రీ పాటల ఊరు నాష్‌విల్ వెళ్తున్నావట. ఏదో సీరియల్లో బార్ సింగర్ వేషం కూడా వచ్చిందట. ఆనందం పట్టలేక మీ అత్తయ్యను నిద్రలేపాను. ఆవిడ మళ్లీ పడుకుంది, నాకే తెల్లారేదాకా కునుకు లేదు.

ఆరు నెలల అద్దె చేతిలో ఉంచుకో. అక్కడి బ్రాడ్‌వే వీధి బార్లలో నాలుగేసి గంటలు పాడాలి, వచ్చేది చాలావరకు బకెట్లో పడే టిప్పులే. గిటార్ మీద కలిపి మోగించే స్వరాల గుత్తుల్ని, అదే కార్డ్స్‌ని (chords), అక్కడ ఒకటి, నాలుగు, అయిదు అని నంబర్లతో చెబుతారు, నీకు వారంలో వచ్చేస్తుంది. విజయనగరంలో నేల మీద కూర్చుని, వయొలిన్ కొనను పాదానికి ఆనించి నేర్చుకున్నవాణ్ణి నేను. వాళ్లలా బూట్లేసుకుని నిలబడి వాయించడానికే నాకు ఏడాది పట్టింది!

నటించొద్దని నేననను. క్రిస్ క్రిస్టోఫర్సన్ ఆ ఊళ్లోనే స్టూడియోలో నేల తుడిచి, పాటలు రాసి, సినిమా హీరో అయ్యాడు. కంట్రీ గాయని రీబా మెకింటైర్ తన పేరుతోనే 2001 నుంచి 2007 దాకా సీరియల్ నడిపింది. నా భయమంతా కాగితాల గురించి.

1994లో ఒక చిన్న సినిమాలో బార్ సీనుకి ఫిడిల్ వాయించేవాడు కావాలన్నారు. మీ అమ్మమ్మ తిరగలి దగ్గర తీసే కూనిరాగం మీద ఆ సీను కోసమే ఒక వరస కట్టి వాయించాను. డైరెక్టరు మురిసిపోయి సినిమా అంతా వాడతానన్నాడు. 500 డాలర్ల చెక్కు, నాలుగు పేజీల కాగితం. మేకప్ అమ్మాయి మొహానికి పౌడర్ అద్దుతుంటే, మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసేశాను. చదవలేదే! మూడో పేజీలో "వర్క్ ఫర్ హైర్" అని ఉంది. నాలుగేళ్ల తర్వాత ఆల్బంలో పెట్టుకుందామని లాయరు దగ్గరికి వెళ్తే తెలిసింది, చట్టం లెక్కలో ఆ వరస కట్టింది ఆ కంపెనీయేనట. హక్కులు మామూలుగా రాసిచ్చినవాడు 35 ఏళ్లకైనా వెనక్కి అడగొచ్చు, నాకు ఆ దారీ లేదన్నాడు. డబ్బు పోతే పోయింది. మీ అమ్మమ్మ మంచంలో ఉండి "సినిమాలో నీ పేరు పడిందా నాయనా?" అని అడిగింది. పడిందమ్మా అన్నాను.

ఎల్విస్ ప్రెస్లీ అంతటివాడు పాడతానన్నా, పబ్లిషింగ్‌లో, అంటే పాట హక్కుల్లో, సగం అడిగారని కంట్రీ గాయని డాలీ పార్టన్ తను రాసిన "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" పాట ఇవ్వలేదు. రాత్రంతా ఏడ్చిందట. 1992లో అదే పాటను విట్నీ హూస్టన్ సినిమాలో పాడితే రాసినదాని డబ్బు డాలీకే వచ్చింది. నువ్వూ ఏడువు, ఫర్వాలేదు.

వేషానికి ఒక కాగితం, నువ్వు రాసిన పాటకు వేరే కాగితం అడుగు. తొందరపెడితే "మా మావయ్య మొండివాడు, ఆయనకి చూపించాలి" అని నా మీదికి తోసెయ్. ఇక్కడ అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతాను. ఆదివారాలు గణేశుడి గుడికి వెళ్లు, భక్తి లేకపోయినా నలుగురు మనవాళ్లు కనిపిస్తారు. సరిగ్గా తిను. చిన్నప్పటి నుంచీ నీకు ఆకలేస్తే కోపమొస్తుంది.

ఆ తిరగలి పాట నీకింకా గుర్తుందా? ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి పాడు.

నీ మావయ్య